మా అమ్మ పరుపు మీద పడ్డ నింద

అమీర్‌పేట హాస్టళ్ళలో మేం ఉన్న ఆ రోజుల్లో మనిషిని పేరుతో పిలిచే అలవాటు ఉండేది కాదు. ఎవరు ఏ కోర్సు నేర్చుకుంటుంటే అదే వాళ్ళ పేరు. జావా నేర్చుకునేవాడు జావా, నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాడు నెట్‌వర్కింగ్. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాను కాబట్టి టెస్టింగ్‌ని. (ఇంట్లోవాళ్ళు నాకు పెట్టిన పేరు ఒకటి ఉందని హాస్టల్లో ఎవరికీ చివరిదాకా తెలియదు. అడిగినవాళ్ళూ లేరు. అది కూడా నాకు గుర్తుంది.) ఆ టెస్టింగ్ అన్న పేరైనా నాకు ఎక్కువకాలం మిగల్లేదు. ముందు నల్లుల టెస్టింగ్ అయ్యాను, తర్వాత టెస్టింగ్ కూడా రాలిపోయి ఉత్త నల్లులు మిగిలాయి. ఇప్పటికీ ఏ ఊళ్ళో హోటల్ గదిలో దిగినా నేను సంచి నేల మీద పెట్టను. ముందు పరుపు మూల ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి, కుట్ల వెంట వేలు పోనిచ్చి చూస్తాను. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "తనిఖీ అధికారిగారి పని అయ్యాక చెప్పండి, లోపలికి వస్తాను" అంటుంది. ఆమెకు సగం కథే తెలుసు. మిగతా సగం మీకు చెబుతున్నాను. ఇందులో నన్ను మాటలన్నవాళ్ళెవరినీ నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

మాది సిరిసిల్ల. బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) దర్జీ. నేను పట్నం బయల్దేరిన రోజు అమ్మ ఒక పరుపు చుట్టి, తాళ్ళతో కట్టి బస్సు మీద వేయించింది. బూరుగుదూది తెప్పించి, గింజలన్నీ తానే ఏరి, బాపు షాపులో మిగిలిన గళ్ళబట్టతో పై గుడ్డ కుట్టించి చేసిన పరుపు. "పట్నంల గా హాస్టలోళ్ళ పరుపుల మీద ఎవలెవలు పన్నరో ఏమో. నల్లులుంటయి, గజ్జి ఉంటది. నువ్వు దీని మీదనే పండు బిడ్డా" అని మరీ మరీ చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నల్లుల భయంతోనే పుట్టిన పరుపు అది. దాన్ని నెత్తిన పెట్టుకుని మైత్రీవనం వెనక సందులో ఉన్న మా హాస్టల్ మెట్లెక్కితే, హాస్టల్ నడిపే ఆంటీ (భీమవరం వైపు మనిషి, మాట మెత్తన, మనసు సంగతి మీరే చూస్తారు) నన్నూ పరుపునూ మార్చి మార్చి చూసి, "ఏంటి బాబూ, మా పరుపులు నచ్చవా నీకు" అంది. మొదటి మాటే అలా పడింది. గదిలో నాలుగు మంచాలు. ఆఖరున వచ్చినవాణ్ణి కాబట్టి తలుపు పక్క మంచం నాది. సరిగ్గా నా తలగడ పైన గోడకు పెద్ద మేకు. ఆ మేకుకు ఒక నల్లకోటు.

ఆ కోటు గురించి కొంచెం చెప్పాలి. దాని యజమాని మా గదిలోనే ఉండే ఒక సీనియర్, వరంగల్ అన్న. అందరం కోటన్న అనేవాళ్ళం. హాస్టల్లో కోటు ఉన్నది ఆయనొక్కడికే. బంజారా హిల్స్‌లో పెద్ద షోరూములో వాళ్ళ మామ కొనిచ్చాడని చెప్పేవాడు. ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా ఆ కోటు వేసుకునే వెళ్ళేవారు. పొట్టివాడికి చేతులు వేళ్ళదాకా వచ్చేవి, పొడుగువాడికి మణికట్టు దాటేవి కావు. అయినా అందరికీ అదే. కోటన్న ఎవరికైనా ఉచితంగా ఇచ్చేవాడు, ఒకే ఒక్క షరతు మీద. దాన్ని ఉతకకూడదు. మొదటిసారి దాన్ని వేసుకెళ్ళినవాడికి ఉద్యోగం వచ్చిందట, అప్పటికి దాన్ని ఉతికి ఉండలేదట. "సబ్బు నీళ్ళల్ల పెడితే లక్కు కొట్టుకపోతది తమ్మీ" అనేవాడు కోటన్న, గుళ్ళో పూజారి అంత నమ్మకంగా. ఆ కోటు వేసుకెళ్ళినవాళ్ళు మెడ గోక్కుంటూ, మణికట్లు గోక్కుంటూ తిరిగొచ్చేవారు. ఏమైందని అడిగితే కోటన్నే జవాబు చెప్పేవాడు. "ఇంటర్వ్యూ అంటే మస్తు టెన్షన్ ఉంటది. గదే లోపల్నుంచి చర్మం మీదికి ఎక్కుతది." ఇంజనీరింగ్ చదివిన పిల్లలం, అందరం తలూపేవాళ్ళం.

నేను చేరిన కొద్ది రోజులకు చేతి మీద దద్దుర్లు లేచాయి. ఎర్రగా, వరసగా, ఎవరో చుక్కలు పెట్టినట్టు. ఎదురు మంచం జావా (గుంటూరు వాడు, ప్రతి విషయంలోనూ అభిప్రాయం ఉన్నవాడు) చూసి, "దోమలు రా. ఒళ్ళంతా కప్పుకో" అన్నాడు. కప్పుకుంటే మెడ మీద లేచాయి. ఆంటీకి చూపిస్తే, "వేడి చేసిందమ్మా. మజ్జిగ తాగు, ఆవకాయ తగ్గించు" అంది. (ఆ హాస్టల్లో ఆవకాయ తప్ప తినదగింది ఇంకేం ఉందో ఆమె చెప్పలేదు.) మజ్జిగ తాగాను. దద్దుర్లు తగ్గలేదు, పడిశం వచ్చింది. ఇంతలో పక్కగది నెట్‌వర్కింగ్ కూడా ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి, మెడ గోక్కుంటూ ఇడ్లీల దగ్గరికి వచ్చాడు. ఆంటీ అతని మెడ చూసింది, నా చెయ్యి చూసింది, గరిటె గిన్నెలో పెట్టింది.

"బాబూ టెస్టింగ్, ఆ పరుపు ఎక్కడిది నీకు?"

"మా అమ్మ కుట్టిచ్చింది ఆంటీ."

"అదే అనుకున్నా. ఇన్నేళ్ళుగా నడుపుతున్నా ఈ హాస్టల్, ఒక్క నల్లి లేదు. నువ్వొచ్చావు, నీ పరుపొచ్చింది, నల్లులొచ్చాయి."

"గట్లెట్ల అంటరు ఆంటీ. కొత్త పరుపు."

"కొత్తదో పాతదో నాకెందుకు నాయనా. ఆదివారం పొద్దున్నకల్లా అది కిందికి దించి చెత్తబండిలో వేసెయ్. వెయ్యలేనంటావా, పరుపుతో పాటు నువ్వూ దిగిపో. నాకు మిగతా పిల్లలు ముఖ్యం."

ఆ రోజు నుంచి నా కంచం వేరు. బల్ల దగ్గర నా పక్కన కూర్చునేవాళ్ళు లేరు. జావా తన మంచాన్ని గోడ వైపు జరుపుకున్నాడు, జరుపుకుంటూ నా మొహం చూడలేదు. హాస్టల్ వదిలి పోవడం పెద్ద కష్టం కాదు, ఆ సందులో తలుపు కొట్టినచోటల్లా హాస్టలే. కానీ పోతే నింద ఒప్పుకున్నట్టే. పరుపు పారేస్తే ఇంకా ఘోరం. సాయంత్రం అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చివర్న ఒకే ప్రశ్న అడిగేది, "మెత్తగుందా బిడ్డా?" అని. దాన్ని అమీర్‌పేట చెత్తబండిలో వేశానని ఏ నోటితో చెప్పను? నేను మొండివాణ్ణే, కాదనను. కానీ ఆ ఆదివారం నేను మొండికేసింది నా కోసం కాదు.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి పంజాగుట్టలో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా చెయ్యి తిప్పి చూసి, మెడ చూసి, వెంటనే మందు రాయబోయింది. నేను ఆపాను. ఇది ఏ పురుగో తేల్చి చెప్పమన్నాను. ఆవిడ కలం పక్కన పెట్టింది. "కరిచిన చోటు చూసి ఫలానా పురుగేనని ఒట్టేసి చెప్పలేమండీ. పోలికలు చెప్పగలం, అంతే. దోమ అయితే కుట్టిన వెంటనే ఉబ్బుతుంది, అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది, తొందరగా తగ్గిపోతుంది. నల్లి అయితే ఇలా బట్ట కప్పని చోట వరసగానో గుంపుగానో ఉంటుంది. కొందరికి కుట్టిన చాలా రోజులకి గానీ దద్దు తేలదు, కొందరికి అసలు తేలదు." కుక్కల మీద, పిల్లుల మీద ఉండి ఎగిరే చిన్న పురుగులైతే ఎక్కడ కుడతాయని అడిగాను. పాదాల పైన, చీలమండల దగ్గర అంది. చీమైతే అన్నాను. మంట, తర్వాత చిన్న చీముపొక్కు అంది. పేను అన్నాను. ఆవిడ నన్ను కళ్ళద్దాల మీదుగా చూసింది.

"మీరు వైద్యానికి వచ్చారా, పరీక్షకి చదువుకుంటున్నారా?"

"నా మీద నింద పడ్డది మేడమ్. రుజువు కావాలె."

ఆవిడ నవ్వలేదు. (అందుకే ఇందులో నేను మర్యాదగా తలుచుకునే కొద్దిమందిలో ఆవిడ ఒకరు.) "రుజువు కావాలంటే పురుగునే పట్టాలి. నల్లి ఎగరలేదు, దూకలేదు. పగలంతా కుట్లలో, మడతల్లో దాక్కుంటుంది. మీరు పడుకునే చోటికి దగ్గర్లోనే ఉంటుంది, పరుపులోనే ఉండాలని లేదు. నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తే అక్కడ వెతకండి. ఈలోపు సబ్బుతో కడగండి, చల్లటి గుడ్డ వేయండి, ఈ లోషన్ రాయండి, దురద ఎక్కువైతే ఈ మాత్ర. గోకితే పుండవుతుంది. గోకకండి." గోకనని మాటిచ్చి, మెట్లు దిగుతూ గోక్కున్నాను.

పరుపులోనే ఉండాలని లేదు. ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. టెస్టింగ్ కోర్సులో మా సారు రోజూ చెప్పేది కూడా అదే, తప్పు కనిపించిన చోటు వేరు, తప్పు పుట్టిన చోటు వేరు అని. నాకు కోపం సగం తగ్గి, దాని చోట కుతూహలం మొదలైంది. హాస్టల్లో ఎవరు ఎదురైనా మొహం కంటే ముందు చేతులు, మెడ, కాళ్ళు చూసేవాణ్ణి. జావా మెడ మీద ఒక ఎర్రటి చార, దానంతటా చిన్న బొబ్బలు, కాలినట్టు. నా నల్లులే కరిచాయని ఊరంతా చాటుతున్నాడు. చూస్తే నల్లి పద్ధతే కాదు. మళ్ళీ పంజాగుట్ట పరిగెత్తి, ఆవిడ రెండు పేషెంట్ల మధ్య తల బయటపెట్టినప్పుడు అడిగాను. "అది కాటే కాదు. వానాకాలం ట్యూబులైటు దగ్గర చేరే సన్నటి పురుగు ఒకటుంటుంది, చీమలా ఉంటుంది, నారింజ రంగూ నలుపూ. మెడ మీద పాకితే మనమే నలిపేస్తాం, దాని రసానికి చర్మం కాలుతుంది. సబ్బుతో కడిగి రుద్దకుండా వదిలేయమనండి. మీరు ఇంక వెళ్ళండి" అంది. వచ్చి జావాకు చెప్పాను. వాడు తన మంచం పైనున్న ట్యూబులైటు వైపు తలెత్తి చూశాడు. "అంటే నాకు నేనే రాసుకున్నానా?" అన్నాడు. అంతే, క్షమించమని అనలేదు. కానీ మంచం మాత్రం తిరిగి ఇవతలికి జరుపుకున్నాడు.

ఆంటీతోనే పొరపాటు చేశాను. ఆమె వడ్డిస్తుంటే చీలమండల దగ్గర చిన్నచిన్న ఎర్రచుక్కలు కనిపించాయి, ఒక కాలి వేళ్ళతో రెండో కాలు గోక్కుంటోంది. వంటింటి గడప మీద ఎప్పుడూ ఒక బూడిదరంగు పిల్లి పడుకుని ఉండేది. నేను ఇడ్లీ నములుతూ, "ఆంటీ, మిమ్మల్ని కుట్టేటివి నల్లులు కావు. మీ పిల్లివి" అన్నాను. బల్ల దగ్గర అందరూ నమలడం ఆపారు.

"నాకు పిల్లెక్కడుంది?" అంది ఆంటీ.

"గదో, గడప మీద పండుకుంది."

"అది మన పిల్లి కాదు నాయనా. వస్తుంది, పోతుంది, అంతే."

"పాలు పోస్తరు కద ఆంటీ."

"పాలు పోస్తే నాదైపోతుందా? నీక్కూడా పోస్తున్నాగా." ఆ రోజు నాకు రెండోసారి చట్నీ పడలేదు. సత్యం చెప్పినందుకు చట్నీ ఆపిన మనిషిని మీరైనా మరిచిపోగలరా?

శనివారం ఎండ బాగా కాసింది. పరుపును డాబా మీదికి మోసుకెళ్ళి, తెల్లలుంగీ పరిచి, దాని మీద వేసి, అంచు అంచు చూశాను. దర్జీ కొడుకుని, కుట్టు ఎలా చూడాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు వైపులా శుభ్రంగా ఉంది. నాలుగో వైపు, తలగడ వైపు, గోడకు ఆనుకుని ఉండే మూల దగ్గర మాత్రం మిరియపు పొడి చల్లినట్టు నల్లచుక్కలు. పురుగు లేదు, చుక్కలే. పరుపులో పుట్టినవే అయితే అన్ని కుట్లలోనూ ఉండాలి కదా. ఇవి ఒక మూల నుంచి వచ్చిపోతున్నాయి. కిందికి దిగి గదిలో ఆ మూల ఎదురుగా నిలబడ్డాను. మంచం, గోడ, గోడ మీద సున్నం, సున్నం మీద సన్నగా నల్లచుక్కల దారి. ఆ దారి వెంట చూపు పైకి పోనిస్తే మేకు. మేకుకు కోటు. అప్పుడు ఒక్కొక్కరూ గుర్తొచ్చారు. ఇంటర్వ్యూకి వెళ్ళి మెడ గోక్కుంటూ వచ్చినవాళ్ళు, మణికట్లు గోక్కుంటూ వచ్చినవాళ్ళు. కాలరు తగిలేది మెడకే, చేతి అంచు తగిలేది మణికట్టుకే. లోపల ఉన్నది టెన్షన్ కాదు.

కానీ ఆ మాట ఎలా అనడం? సోమవారం కోటన్నకే ఇంటర్వ్యూ ఉంది. చాలా ఇంటర్వ్యూలు పోయాక వచ్చింది. లోపలి అస్తరు గుడ్డ విప్పి చూస్తానంటే ఒప్పుకుంటాడా? మెల్లగా కదిపి చూశాను. "తమ్మీ, కుట్టు విప్పుతవా? ఉతుకుడే వద్దంటుంటే ఆపరేషన్ చేస్తనంటవేంది" అన్నాడు. సరే, ఉతకను, విప్పను, ఇస్త్రీ చేస్తానన్నాను. ఇస్త్రీకి లక్కు పోతుందా? కోటన్న ఆలోచించాడు. వేడి సంగతి లక్కు నిబంధనల్లో లేదు. "ఇస్త్రీ అయితే చెయ్. సోమవారం కడక్‌గ కొడ్తది" అన్నాడు.

ఆదివారం పొద్దున్న అందరూ టిఫిన్‌కి దిగే వేళకు నేను భోజనాల బల్ల చివర తెల్లలుంగీ పరిచి, దాని మీద కోటు బోర్లా వేసి, ఆంటీ ఇస్త్రీపెట్టెను బాగా వేడెక్కించి సిద్ధంగా ఉన్నాను. ఆంటీ వంటింట్లోంచి వస్తూనే, "ఇంకా ఇక్కడే ఉన్నావా? పరుపు దించావా?" అంది. "జర ఆగుండ్రి ఆంటీ, అన్న కోటు ఒక్కటి చేసి పోత" అన్నాను. తడిగుడ్డ కాలరు మీద పరిచి ఇస్త్రీపెట్టె ఆనించి అదిమాను. ఆవిరి లేచింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కాలరు కింది మడతలోంచి ఒకటి బయటికి నడిచింది. గోధుమరంగులో, చదునుగా, చింతగింజ ముక్కలా. దాని వెనక ఇంకోటి. తర్వాత భుజం దగ్గర్నుంచి పెద్దవీ పిల్లలూ, ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు, తెల్లలుంగీ మీద సాంబారు గిన్నె వైపు బయల్దేరాయి. నెట్‌వర్కింగ్ కుర్చీతో సహా వెనక్కి వెళ్ళాడు. జావా మాత్రం వంగి, "ఇవి దూకవు రా, నడుస్తాయంతే" అని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు, తానే కనిపెట్టినట్టు.

నేను చెప్పుతో వాటి సంగతి చూసి ఆంటీ వైపు తిరిగాను. ఆ క్షణం కోసమే నేను ఆ వారమంతా బతికాను. ఆంటీ లుంగీ చూసింది, కోటు చూసింది, నన్ను చూసింది.

"సరే. నీ పరుపులోంచి ఎక్కుంటాయి దాని మీదకి" అంది.

"పరుపుల ఒక్కటి సుత లేదు ఆంటీ. నిన్న మొత్తం చూసిన."

"ఉండవుగా మరి, అన్నీ కోటెక్కేశాక."

ఈ మాటకు జవాబు డాక్టరమ్మ దగ్గర కూడా ఉండదు. నేను ఇస్త్రీపెట్టె కింద పెట్టేశాను. పరుపు పోతుందని అప్పుడు నిజంగా అనిపించింది. అంతసేపూ గోడకు ఆనుకుని ఉన్న కోటన్న అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఆంటీ, తమ్ముడు వచ్చినంక కాదు. కోటు కొన్న దినం నుంచే నాకు దురద ఉన్నది. టెన్షన్ అనుకున్న."

"మీ మామయ్యగారు షోరూములో కొన్నదని చెప్పావుగా బాబూ?"

కోటన్న నేల చూశాడు. "షోరూము లేదు, మామ లేడు. కృష్ణానగర్‌ల సినిమాలకు డ్రెస్సులిచ్చే ఆయన దగ్గర తక్కువకు కొన్న. లాయరు వేషాలకు వాడిన కోటంట. విలన్ పక్కన నిలబడెటోళ్ళు సుత వేసుకున్నరంట." హాస్టల్ మొత్తంలో గౌరవమంటూ ఉన్నది ఆ కోటుకూ దాని వల్ల ఆయనకూ. దాన్ని నా పరుపు కోసం బల్ల మీద పెట్టేశాడు. తర్వాత జావానే నవ్వాడు ముందు. "అంటే అన్నా, మేమంతా జూనియర్ ఆర్టిస్టులం అన్నమాట" అన్నాడు. కోటన్న కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఆంటీ గరిటె తీసుకుంది. "ఉండనీలే పరుపు. ఎండలో వేస్తుండు" అంది. నా కంచం బల్ల మధ్యకు వచ్చింది, చట్నీతో సహా.

ఆ మధ్యాహ్నం బాపుకు ఫోన్ చేసి ఆయన చెప్తుంటే అస్తరు విప్పాను. అస్తరును మరిగే నీళ్ళలో వేశాం, కోటు కుట్టు కుట్టునా ఇస్త్రీపెట్టె తిప్పాం, గోడ పగుళ్ళు కడిగాం, మేకు పీకేశాం. సాయంత్రానికి అస్తరు తిరిగి కుట్టాను. (ఎడమ చంక దగ్గర కొంచెం లాగింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.) సోమవారం కోటన్న ఒక్కసారి కూడా గోక్కోకుండా ఇంటర్వ్యూ ఇచ్చి ఉద్యోగం తెచ్చుకున్నాడు. హాస్టలంతా ఏమన్నదో తెలుసా? ఎంతైనా కోటు మహిమ అన్నారు. కుట్టినవాడి పేరు ఎవరూ ఎత్తలేదు. నా పేరు నల్లులుగానే ఉండిపోయింది. కోటన్న కోటుతో సహా గచ్చిబౌలి వెళ్ళిపోయాడు, ఆ నెలాఖరుకే నాకూ ఉద్యోగం వచ్చి పరుపు చుట్టుకుని దిగిపోయాను. ఆ పరుపు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మెత్తగానే ఉంది.

మొన్నామధ్య పంజాగుట్ట మెట్రో స్టేషన్లో ఆంటీ కనిపించింది. జుట్టు నెరిసింది, చేతిలో కూరగాయల సంచి. నా వైపు కాసేపు చూసి, వేలెత్తి, "నువ్వు నల్లుల బాబువి కదూ" అంది. ఇన్నేళ్ళుగా నేను ఆమెకు చెప్పాల్సినవి వరసగా పేర్చుకుని ఉన్నాను. కంచం, చట్నీ, పరుపు, మొదటి రోజు మెట్ల మీద అన్న మాట. నోరు తెరిచేలోగా ఆమె సంచి కింద పెట్టి మోచేయి నా ముందుకు చాపింది. "ఇది చూడు నాయనా, నిన్నట్నుంచి దురద. ఏం కుట్టిందంటావు? ఎవరిని అడిగినా వేడి అంటున్నారు. నీకు తెలుస్తుందనే అడుగుతున్నా."

ప్లాట్‌ఫాం మీద అంత రద్దీలో కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, వంగి చూశాను. ఒక్కటే, గుండ్రంగా, ఉబ్బి ఉంది. చుట్టుపక్కల ఇంకోటి లేదు.

"దోమ ఆంటీ. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేయండి. గోకకండి."

"నల్లి కాదుగా?"

"కాదు."

"అదే అనుకున్నా. నువ్వు ఖాళీ చేసి వెళ్ళాక మా హాస్టల్లో మళ్ళీ ఒక్క నల్లి కూడా కనబడలేదమ్మా" అంది, నా భుజం తట్టి.

కోటు కూడా అప్పుడే వెళ్ళింది ఆంటీ అని గొంతుదాకా వచ్చింది. అంతలో రైలొచ్చింది. ఆమె సంచి అందుకుని లోపల సీటు చూపించి దిగాను. కూర్చుని మోచేయి గోక్కోబోయి, అద్దంలోంచి నన్ను చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. రైలు కదిలాక నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడతో, ఆంటీ నన్ను క్షమించమని అడిగినట్టే లెక్క అన్నాను. ఏమందో మాట మాటా చెప్పించుకుని విన్నాక, అందులో క్షమాపణ ఎక్కడుందో చూపించమంది మా ఆవిడ. నేను ఇంకా వెతుకుతున్నాను. అలాంటివి కుట్ల మడతల్లో దాక్కుని ఉంటాయి, లైటు వేసి ఓపిగ్గా చూడాలి.